నల్లరేగడి మీద పటింగ్ గ్రీన్: నీళ్లు ఎటు పోవాలి?

(డాలస్ పరిసరాల్లో ఇళ్లున్న తెలుగువాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పెరట్లో పటింగ్ గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని మెల్లగా కప్పులోకి దొర్లించే నున్నటి తలం, వేయించుకుందాం అనుకోగానే అందరూ ముందు టర్ఫ్ సంగతి, అంటే పైన పరిచే ప్లాస్టిక్ గడ్డి సంగతి అడుగుతారు. నైలానా, పాలీనా, ఎన్నేళ్లు ఆగుతుంది, బంతి ఎంత వేగంగా దొర్లుతుంది. ఈ పూట టర్ఫ్ గురించి చివర్లో నాలుగు మాటలే చెబుతాను. మిగతా సమయమంతా దాని కిందున్న మట్టికే. మన ప్రాంతంలో గ్రీన్ పైనుంచి అరిగిపోయేలోపే కింద నీళ్లు నిలిచి చెడిపోతుంది. పైన ఎంత ఖరీదైన టర్ఫ్ పరిచినా దీన్ని ఆపలేం.

ఇక్కడ మన కాళ్ల కింద ఉన్నది నల్లరేగడి. మాట వరసకు అనడం లేదు, నిజంగా అదే జాతి మట్టి. రెడ్ రివర్ దగ్గర్నుంచి డాలస్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే పట్టీని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. అందులో పేరున్న మట్టి హ్యూస్టన్ బ్లాక్, టెక్సస్ రాష్ట్ర మట్టిగా చెప్పుకునేది దాన్నే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు పొలాలున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు దీని గుణం చెప్పక్కర్లేదు. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం చెప్పుకు చెప్పంత మట్టి. భూగోళం పుస్తకాల్లో చదివిన ‘రేగర్’ అన్న మాట కూడా మన రేగడ నుంచి పోయిందే. నీళ్లు పట్టి ఉంచుకుంటుంది కాబట్టే అక్కడా పత్తి పండింది, ఇక్కడా పండింది. గ్రీన్ కింద మాత్రం ఆ గుణంతోనే మనకు పేచీ.

ఈ మట్టి పూర్తిగా తడిసి, ఉబ్బి, నెర్రెలు మూసుకున్నాక గంటకు 0.06 అంగుళం నీరు కూడా లోపలికి దిగదు. అంటే ఒక అంగుళం వాన కిందికి ఇంకడానికి 16 గంటలకు పైగా పడుతుంది. అందుకే ‘గొయ్యి తవ్వి నీళ్లు పోసి చూశాం, పది నిమిషాల్లో ఇంకిపోయాయి’ అని ఎవరైనా చెబితే, ఏ నెలలో చూశారని అడగండి. ఆగస్టులో చూసుంటే ఆ నీళ్లు ఇంకలేదు, నెర్రెల్లోకి జారిపోయాయి. అదే గొయ్యి మేలో ఇంకో రకంగా చెబుతుంది. ఎండాకాలం పరీక్షను నమ్మి డిజైన్ చేయకండి.

ఇప్పుడు ఇలాంటి నేలలో ఆరంగుళాలు తవ్వి, మట్టి తీసేసి, ఆ గుంటలో కంకర నింపి, పైన టర్ఫ్ పరిచారనుకోండి. మీరు కట్టింది ఒక తొట్టి. కంకర ఎంత బాగా నీళ్లు వదిలితే తొట్టి అంత తొందరగా నిండుతుంది. టర్ఫ్ వెనక చిల్లులున్నాయి, నీళ్లు దిగుతాయి అని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు, దిగుతాయి. దిగిన తర్వాత ఎక్కడికి పోవాలన్నది మనం చూసుకోవలసిన పని. రేగడి మీద నీళ్లు కిందికి పోవు, పక్కకు పోవాలి. కంకర కింద, మట్టి తలం మీద జారి పక్కకు పోవాలి. కాబట్టి వాలు ఇవ్వాల్సింది ముందుగా మట్టికి. చాలామంది మట్టిని చదునుగా తవ్వేసి, వాలూ వంపులూ కంకరతో తీర్చుకుంటారు. పైకి చూస్తే గ్రీన్ బ్రహ్మాండంగా ఉంటుంది, అడుగున మాత్రం చెరువు.

ఆ చెరువు వల్ల నష్టం పాచి వాసనతో ఆగదు. ఆ నీళ్లు నెమ్మదిగా రేగడిలోకి చేరి, ఎక్కడ ఎక్కువ నిలిస్తే అక్కడ ఎక్కువ ఉబ్బిస్తాయి. ఎండాకాలంలో గ్రీన్ కింద నడిమధ్య తేమ ఆరదు, అంచులు ఎండి కుంచించుకుపోతాయి. రెండేళ్లు గడిచేసరికి నడుమ బోర్లించిన పళ్లెంలా లేచి అంచులు దిగుతాయి. తిన్నగా పోవాల్సిన బంతి పక్కకు తిరుగుతుంది. బంతి పడే కప్పు అంచు టర్ఫ్ కన్నా పైకి తేలి బంతిని తన్నేస్తుంది. అతుకు ఉన్నచోట నోరు తెరుచుకుంటుంది.

ఇక లెక్కలోకి వద్దాం. ఉదాహరణకు 15 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గ్రీన్ తీసుకుందాం. టర్ఫ్ చుట్టలు మామూలుగా 12 లేదా 15 అడుగుల వెడల్పులో వస్తాయి కాబట్టి 15 అయితే అతుకు లేకుండా సరిపోతుంది. విస్తీర్ణం 450 చదరపు అడుగులు. ఒక చదరపు అడుగు మీద ఒక అంగుళం వాన పడితే 0.623 గ్యాలన్. అంటే అంగుళం వానకు ఈ గ్రీన్ మీద 280 గ్యాలన్లు. ఇక్కడి ఉరుముల వాన గంటకు నాలుగంగుళాల జోరులో కురిసే పది పదిహేను నిమిషాలు ఉంటాయి చూశారా, అప్పుడు నిమిషానికి దాదాపు 19 గ్యాలన్లు వస్తాయి.

నాలుగంగుళాల నున్నటి పీవీసీ పైపు, నూటికి ఒకటి వాలులో వేస్తే, నిండుగా పారినప్పుడు నిమిషానికి 110 గ్యాలన్ల దాకా మోస్తుంది. గరుకు ముడతల నల్ల పైపైతే 70. రెండూ మనకు చాలా ఎక్కువే. కాబట్టి పైపు సైజు గురించి బెంగ పెట్టుకోకండి, అది ఎక్కడ తేలుతుందో చూసుకోండి. నా అభిప్రాయంలో పలుగు పట్టేముందే తేల్చుకోవాల్సిన ఒకే ఒక్క ప్రశ్న అది.

మన ఇళ్లలో ఎక్కువగా పెరడు వెనక ఉంటుంది, వీధి ముందుంటుంది. గ్రీన్ పక్కన 30 అడుగులు, ఇంటి పక్క సందులో ఇంకో 80 అడుగులు, మొత్తం 110 అడుగుల పైపు. నూటికి ఒకటి వాలంటే 13.2 అంగుళాలు దిగాలి. గ్రీన్ కోసం తవ్వింది ఆరంగుళాలు, దాని కింద పైపు ట్రెంచి పదంగుళాలు, అంటే మొదలు దగ్గరే 16. రెండూ కలిపితే 29 అంగుళాలు. మీ ఇంటి ముందు కర్బ్ (వీధి అంచు గట్టు) దగ్గర తూము మట్టం పెరటి మట్టం కన్నా 29 అంగుళాలు కిందికుందా? చాలా ఇళ్లకు ఉండదు. లేనప్పుడు ఆ పైపు ఎప్పుడూ సగం నీళ్లతో నిండే ఉంటుంది.

కొలవడం కష్టం కాదు. మన మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ చాలు, పారదర్శకంగా ఉండే గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస పెరట్లో, రెండో కొస వీధిలో పట్టుకుని తేడా రాసుకోండి. లేజర్ లెవెల్ ఒక రోజుకు అద్దెకు దొరుకుతుంది, ఒక్కరే పని చేసుకోవచ్చు. రసమట్టం మాత్రం ఇంత దూరానికి పనికిరాదు.

తేడా 18 అంగుళాలే ఉందనుకోండి. అప్పుడు గ్రీన్‌ని దించడం మానేసి ఎత్తండి. గడ్డి వేళ్లు పోయేలా రెండంగుళాలు మాత్రం చెక్కండి, ట్రెంచి ఏడంగుళాలు చేయండి, వాలు నూటికి అర చేయండి, 110 అడుగులకు 6.6 అంగుళాలు. మొత్తం 15.6. సరిపోయింది. గ్రీన్ లాన్ కన్నా మూడు నాలుగు అంగుళాలు ఎత్తులో అరుగులా కూర్చుంటుంది, చూడ్డానికి కూడా బావుంటుంది. నూటికి అర కన్నా తక్కువ వాలుకు మాత్రం దిగకండి, పైపులో మన్ను పేరుకుంటుంది. ఆ మాత్రం తేడా కూడా లేని స్థలాలుంటాయి. అక్కడ సంప్ కట్టి పంపు పెట్టడం తప్ప దారి లేదు, కరెంటు పోయిన తుఫాను రాత్రి అది ఆగుతుందని తెలిసే పెట్టుకోవాలి.

పైపు కర్బ్‌లోంచి వీధిలోకి తీయాలంటే ఊరి అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి, హెచ్‌ఓఏకి (కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి) కూడా కాగితం పెట్టండి. పక్కింటి కంచె వైపు తిప్పేస్తే పోతుందిలే అనుకోవద్దు. టెక్సస్ వాటర్ కోడ్ 11.086 సెక్షన్ ప్రకారం, సహజంగా పారే వాన నీటిని మళ్లించి గానీ నిలవేసి గానీ పక్కవాళ్ల ఆస్తికి నష్టం కలిగిస్తే వాళ్లు దావా వేయొచ్చు. చట్టం సరే, పొద్దున లేస్తే ముఖాలు చూసుకోవాల్సిన ఇరుగుపొరుగు.

ఇంకో సంగతి. బిల్డరు ఇల్లు కట్టినప్పుడు రెండు ఇళ్ల మధ్య, కంచె వెంట చిన్న పల్లం తీసి వదులుతాడు, స్వేల్ అంటారు. చూపుకు ఏమీ కనిపించదు, లాన్ కొంచెం లోతుగా ఉన్నట్టుంటుంది. కానీ రెండు మూడు ఇళ్ల నీళ్లు దానిమీదుగా పోతుంటాయి. ఖాళీ జాగా కదా అని గ్రీన్ తెచ్చి దాని మీద అడ్డంగా వేస్తే, మొదటి పెద్ద వానకు వెనకింటి నీళ్లు మీ గ్రీన్ మీదికి ఎక్కుతాయి. పునాది దగ్గర కూడా అంతే. గోడ నుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరంగుళాలు దిగాలని కట్టడాల కోడ్ చెబుతుంది. గ్రీన్ ఆ వాలును చెడగొట్టకూడదు, స్లాబ్ అంచును కప్పేయకూడదు.

పైకప్పు నీళ్ల సంగతి. వెయ్యి చదరపు అడుగుల కప్పు నీళ్లు ఒకే గొట్టంలోంచి గ్రీన్ పక్కన పడుతుంటే, ఇందాకటి వానకు నిమిషానికి 42 గ్యాలన్లు. గ్రీన్ మీద పడే వాన కన్నా రెట్టింపు దాటింది. దాన్ని తెచ్చి గ్రీన్ కింద చిల్లుల పైపుకు కలిపేస్తారు, ‘ఎలాగూ పైపు ఉంది కదా’ అని. పైపు మూసుకుపోయిన రోజున పైకప్పు నీళ్లన్నీ చిల్లుల్లోంచి మీ కంకరలోకి వస్తాయి. పైకప్పు నీళ్లకు చిల్లుల్లేని పైపు, విడిగా. కలపక తప్పదంటే గ్రీన్ దాటిన తర్వాత, పల్లపు వైపున కలపండి.

సరే, ఇక తవ్వకం. రెండు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయండి, ఉచితం, గ్యాసు, కరెంటు, కేబుల్ లైన్ల మీద రంగు గుర్తులు పెట్టి వెళ్తారు. మీ స్ప్రింక్లర్ పైపులు, ఈతకొలను లైన్లు, బార్బెక్యూకి వేసుకున్న గ్యాసు లైను వాళ్లు గుర్తు పెట్టరు, అవి మీరే వెతుక్కోవాలి. ఇంటికి ముగ్గు పోసినట్టే గ్రీన్ ఆకారానికి ముగ్గు పోసుకోండి, పైపు దారికి కూడా.

మట్టి నెర్రెలు విచ్చి ఉంటే ఆ ఎండు నేల మీద కంకర పోయకండి. తర్వాత వానకు అది ఉబ్బి పైనున్నదాన్నంతా లేపుతుంది. కొన్ని రోజులు నెమ్మదిగా నీళ్లు పెట్టి నెర్రెలు మూసుకోనివ్వండి, ఆరనివ్వండి. పిడికిట్లో పడితే ముద్ద కట్టాలి, చేతికి జిగురుగా అంటకూడదు, అదీ పదును. అప్పుడు తలం తీర్చండి. 15 అడుగుల వెడల్పులో నూటికి ఒకటిన్నర వాలు, అంటే ఎత్తు వైపుకూ పల్లం వైపుకూ 2.7 అంగుళాల తేడా. రేగడిని కుదించడానికి పలక మెషీన్ (ప్లేట్ కాంపాక్టర్) కాదు, నేలను గుద్ది కుదించే జంపింగ్ జాక్ కావాలి. పలక మెషీన్ పైపైన నున్నగా చేసి వదిలేస్తుంది, అది కంకరకు.

పల్లపు అంచు వెంట, 30 అడుగుల పొడవునా ఒక్క ట్రెంచి. వెడల్పు పదంగుళాలు. గోల్ఫ్ కోర్సుల్లో అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ పద్ధతి చూసి చేప ముల్లు ఆకారంలో పైపులు వేయమంటారు కొందరు. 1960లో మొదటిసారి వచ్చిన ఆ సిఫార్సులు బతికున్న గడ్డి కోసం. పన్నెండంగుళాల ఇసుక, కింద నాలుగంగుళాల గులకరాయి, వేళ్లకు తేమ అందేలా చేసిన ఏర్పాటు అది. అందులో కూడా పైపుకూ పైపుకూ మధ్య 15 అడుగుల దాకా ఉండొచ్చంటారు. మనది మొత్తమే 15 అడుగులు. వాలు సరిగా ఇస్తే ఒక్క పైపు చాలు. 30 అడుగుల వెడల్పయితే రెండు వేసుకోండి.

ట్రెంచితో సహా తలమంతా నాన్-వోవెన్ (నేయకుండా అదిమి చేసిన గుడ్డ) జియోటెక్స్‌టైల్ పరచండి, చదరపు గజానికి నాలుగు నుంచి ఆరు ఔన్సుల రకం. లేకపోతే కంకర మట్టిలోకి, మట్టి కంకరలోకి కలిసిపోతుంది. మేజోడులా గుడ్డ తొడిగిన పైపు మాత్రం వద్దు, రేగడి నుసి ఆ గుడ్డను పూతలా కప్పేస్తుంది, బాగుచేయడానికి చెయ్యి అందదు. ట్రెంచిలో అంగుళం కంకర, దాని మీద పైపు, చిల్లులు కిందికి. పైకి ఉండాలని చాలామంది వాదిస్తారు. నీళ్లు పైనుంచి చుక్కచుక్కగా పైపులో పడవు, ట్రెంచి అడుగు నుంచి మట్టం పెరుగుతూ వస్తుంది. చిల్లులు కిందికుంటే మొదటి అంగుళానికే పైపు పని మొదలుపెడుతుంది, పైకుంటే నాలుగంగుళాలు నిండేదాకా ఆగాలి. ఎత్తు కొసన పైపును నిలువుగా నేల దాకా లేపి మూత పెట్టండి. ఏడాదికి రెండుసార్లు అందులోంచి గొట్టం పెట్టి కడగొచ్చు. ఈ చిన్న ముక్క లేక మొత్తం గ్రీన్ లేపాల్సి వస్తుంది.

కంకర: 57 నంబర్ రాయి (దాదాపు ముప్పావు అంగుళం సైజు), నాలుగంగుళాల మందం. 450 చదరపు అడుగులకు ఐదున్నర క్యూబిక్ గజాలు, ఎనిమిది టన్నులు చెప్పండి. రెండు పొరలుగా పోసి, ఒక్కో పొర మీద పలక మెషీన్ తిప్పండి. ఇక్కడ రోడ్లకు వాడే ఫ్లెక్స్ బేస్ చవగ్గా వస్తుంది, కుదిస్తే రాయిలా గట్టిపడుతుంది, అందులో నుసి ఎక్కువ కాబట్టి నీళ్లు వదలదు. డ్రైవ్‌వే కింద మంచిదే, ఇక్కడ వద్దు.

57 రాయి మీద నేరుగా సన్న పొడి పోస్తే ఏమవుతుంది? రాళ్ల సందుల్లోకి వానకింత జారి, పైన గుంటలు పడతాయి. మధ్యలో ఒక అంగుళం 89 నంబర్ సన్న చిప్స్ వేయండి, లేదా ఇంకో వరస జియోటెక్స్‌టైల్. దాని మీద ఒక్క అంగుళం డీకంపోజ్డ్ గ్రానైట్ (నలిగిన గ్రానైట్ పొడి), అదే డీజీ. నున్నగా వస్తుందని కొందరు మూడంగుళాలు పోస్తారు. కుదించిన డీజీ మందం పెరిగేకొద్దీ మూతలా తయారవుతుంది. మనకు బంతి దొర్లడానికి తలం కావాలి, అంతే. పదడుగుల తిన్నని బద్ద పెట్టి చూడండి, కింద అంగుళంలో ఎనిమిదో వంతు కన్నా సందు కనిపిస్తే అక్కడ సర్దండి.

పైన వంపులు ఎవరి సరదా వాళ్లది. ఒకే నియమం: ప్రతి పల్లానికీ అంచుకు దారి ఉండాలి. గిన్నెలా నాలుగు వైపులా మూసుకున్న పల్లం పెట్టకండి. కప్పు చుట్టూ నూటికి రెండు వాలు చాలు, మూడు దాటితే వేగమైన టర్ఫ్ మీద బంతి ఆగదు. పల్లపు అంచున స్టీలు పట్టీ కట్టేటప్పుడు దాని కింద కంకర ఉండేలా చూడండి. కాంక్రీటు అంచు పోస్తే ప్రతి నాలుగడుగులకూ ఒక సందు వదలండి, లేకపోతే అది ఆనకట్ట.

కప్పు దగ్గర ఆగుదాం. నాలుగుంపావు అంగుళాల వ్యాసం, నాలుగంగుళాలకు తగ్గని లోతు, అది ఆట నియమం. కప్పు చుట్టూ కాంక్రీటు వేసి బిగిస్తాం, అడుగున కూడా వేసేస్తే అది నీళ్ల గ్లాసు, వేసవిలో వారం పది రోజుల్లో దోమలు. అడుగు తెరిచి ఉంచి, కింద ఆరంగుళాల లోతు కంకర నింపండి. ఇక్కడ ఆగిపోతే రేగడిలో ఇంకో చిన్న బావి తవ్వినట్టే. ఆ గొయ్యి నుంచి పెద్ద ట్రెంచి దాకా, నాలుగంగుళాల వెడల్పులో, గొయ్యి అడుగు మట్టం నుంచే వాలుగా ఒక కంకర కాలువ తీయండి. గంట పని. కప్పు లోపల నీళ్లు కనిపించే గ్రీన్లలో చాలావరకు ఈ కాలువ లేనివే.

టర్ఫ్ పరిచేముందు ఒక పూట కేటాయించండి. తోట గొట్టం ఎత్తు వైపు పెట్టి అరగంట వదలండి. మీ కుళాయి నిమిషానికి ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో ఐదు గ్యాలన్ల బకెట్‌తో ముందే చూసుకోండి. ఏ చోట నీళ్లు మడుగు కట్టాయో ముగ్గుతో చుట్టండి. వీధి కొసన పైపులోంచి నీళ్లు వచ్చాయా, ఎంతసేపటికి వచ్చాయి, గొట్టం కట్టేశాక ఎంతసేపటికి ఆగాయి, రాసి ఉంచుకోండి. మూడేళ్ల తర్వాత అనుమానం వచ్చినప్పుడు అదే పరీక్ష చేసి ఆ కాగితంతో పోల్చుకోవచ్చు.

టర్ఫ్ గురించి చెబుతానన్న నాలుగు మాటలు. పాలీ రకానికి చదరపు అడుగుకు రెండు మూడు పౌండ్ల ఇసుక పడుతుంది, మన కొలతకు 50 పౌండ్ల సంచులు 18 నుంచి 27. గుండ్రటి, కడిగిన సిలికా ఇసుకే వాడండి, ఆట ఇసుక నుసితో చిల్లులు పూడుతాయి. మార్చి, ఏప్రిల్‌లో లైవ్ ఓక్ చెట్లు ఆకులూ, పుప్పొడి తోరణాలూ రాలుస్తాయి, వారానికోసారి బ్లోయర్‌తో ఊదేయండి. తడిసి కుళ్లితే ఇసుక మీద పొర కడుతుంది.

(సభలో ఒకరు: డ్రై వెల్, అంటే నీళ్లు పట్టి నేలలోకి ఇంకనిచ్చే గొయ్యి, పెడితే వీధి దాకా పైపు తప్పుతుంది కదా?)

అండీ, 50 గ్యాలన్ల డ్రై వెల్ పెట్టారనుకోండి. ఈ గ్రీన్‌కు అంగుళం వానకు 280 గ్యాలన్లు వస్తాయని చూశాం. మొదటి పది నిమిషాల్లోనే నిండుతుంది, చుట్టూ రేగడి కాబట్టి మర్నాటికి కూడా ఖాళీ అవ్వదు. ఇసుక నేలలో మంచి వస్తువు. ఇక్కడ దాని మీద ఆధారపడొద్దు.

(ఇంకొకరు: హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంటి పెరట్లో వేయించాలి, ఇదే పద్ధతా?)

ముందు అక్కడ తవ్వి చూడమనండి. ఎర్ర నేల, కింద మొరం ఉంటే నీళ్లు ఇంకుతాయి, పని సులువు. 20 ఎంఎం కంకర, పైన 6 ఎంఎం చిప్స్, ఆ పైన అంగుళం రాతిపొడి, వాలు మాత్రం ఇలాగే. ఒకటి రెండు అడుగుల్లోనే గట్టి రాయి తగిలితే అది కూడా తొట్టే అనుకోండి, పైపు తప్పదు. డాబా మీదైతే కంకర బరువు వేయకండి, వాటర్‌ప్రూఫింగ్ చూసుకుని, ఉన్న వాలు చెడకుండా డ్రెయినేజ్ సెల్ పలకలు పరిచి వాటి మీద టర్ఫ్.

(మరొకరు: 2022 ఆగస్టు లాంటి వాన వస్తే ఈ పైపు తట్టుకుంటుందా?)

ఆ రెండు రోజుల్లో 24 గంటల వ్యవధిలో డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం దగ్గర 9.19 అంగుళాలు పడింది. గ్రీన్ మీద పడ్డ నీళ్ల వరకైతే పైపు మోస్తుంది. అలాంటి రోజున అసలు చిక్కు వీధి తూమే నిండిపోవడం. అప్పుడు పైపు ఎటూ పారదు. అందుకని గ్రీన్ పల్లపు అంచు నుంచి స్వేల్ దాకా, నేల మీదే, ఎక్కడా గట్టు అడ్డం లేకుండా ఒక దారి వదలండి. ఆ అంచు ఇంటి గుమ్మం మట్టం కన్నా తక్కువలో ఉందో లేదో, ఇందాకటి ట్యూబ్ లెవెల్‌తోనే ఈ వారాంతం చూసుకోండి.